అది ఆక్సిజన్ కాదు, గాలి మిషను

ఈ పేజీలో ఎప్పుడూ మిర్చి, పత్తి, పురుగు మందులు, యార్డు రేట్లు ఇవే రాస్తుంటా. ఈసారి నా గురక గురించి రాస్తున్నా. నవ్వుకోండి, పర్లేదు. మా ఊళ్ళో ఇప్పటికే నవ్వడం అయిపోయింది.

రెండు మూడు నెలలుగా కనపడిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు. "అన్నా, నీకు ఆక్సిజన్ పెట్టారంట గదా, ఎట్టా ఉంది ఇప్పుడు?" అని. కొందరు ప్రేమగానే అడుగుతున్నారు, కొందరు ఇంకెన్నాళ్ళు ఉంటాడో చూద్దామని అడుగుతున్నారు. మాట తేడా తెలుస్తది గదా. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒక్కచోట రాసి పెడుతున్నా. కొంచెం పెద్దదే, భోంచేసి తీరిగ్గా చదువుకోండి.

నాకున్న జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో ఊపిరి ఆగిపోవడం. ఊపిరితిత్తుల జబ్బు కాదిది, గొంతులో దారి జబ్బు. మనం పడుకున్నాక ఒళ్ళంతా వదులైనట్టే గొంతులో కండరాలు కూడా వదులవుతాయి. కొంతమందికి ఆ దారి ఇరుకైపోయి గురక వస్తది. ఇంకొంతమందికి మొత్తం మూసుకుపోతది. ఛాతీ గాలి లాగుతానే ఉంటది, లోపలికి మాత్రం పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గిపోయేసరికి మెదడు తట్టి లేపుతది. ఉలిక్కిపడి ఒక పెద్ద గుర్రు పెట్టి మళ్ళీ పీల్చుకుంటాం. మనకు మెలకువ వచ్చినట్టే తెలియదు. రాత్రంతా ఇదే తంతు.

మన భాషలో చెప్పాలంటే, మోటారు డెలివరీకి తగిలించి పొలంలో పరుచుకునే చుట్ట పైపు ఉంది చూడండి. నీళ్ళు లేనప్పుడు రెండు పక్కలూ అతుక్కుపోయి నాడాలాగా పడుంటది. మోటారు ఆన్ చేయగానే నీళ్ళ ఒత్తిడికి ఉబ్బి గుండ్రంగా నిలబడతది. నా గొంతు ఆ నీళ్ళులేని పైపు. ఈ మిషను మోటారు. అంతే. గదిలో ఉన్న గాలినే ఫిల్టర్‌లోంచి పీల్చి, ఒత్తిడితో ముక్కులోకి పంపిస్తది, గొంతు మూసుకుపోకుండా తెరిచి పెడతది. ఇందులో సిలిండర్ లేదు, ఆక్సిజన్ లేదు. మీరు పీల్చే గాలే నేనూ పీలుస్తున్నా, కాకపోతే కొంచెం తోసి పంపుతున్నారు.

దీన్ని సీపాప్ అంటారు. 1980లో ఆస్ట్రేలియాలో సిడ్నీ యూనివర్సిటీ డాక్టరు కోలిన్ సల్లివన్ అనే ఆయన కనిపెట్టాడు, 1981లో దాని గురించి రాశాడు. అంతకుముందు ఈ జబ్బు ముదిరితే గొంతుకు బయటనుంచి చిల్లు పెట్టేవాళ్ళంట. ఆ మాట విన్నాక నా ముక్కు మీద తొడుగు ఎంతో తేలిగ్గా అనిపించింది.

ఇది కొత్త రోగమేం కాదు. 2022 ఫిబ్రవరిలో బప్పీలహరి గారు చనిపోయినప్పుడు పేపర్లలో ఈ పేరే వచ్చింది. గ్యాంగ్ లీడర్, స్టేట్ రౌడీ పాటలు చేసింది ఆయనే గదా, మన వయసు వాళ్ళు ఆ పాటలకు తిరునాళ్ళలో ఊగినవాళ్ళమే. అప్పుడు ఆ వార్త చదివి "పాపం" అనుకుని పేజీ తిప్పేశాం అందరం.

మా ఇంట్లో గురక అనేది వంశంలో ఉన్నదే. మా నాన్న గురకపెడితే బజారు చివరికి వినపడేది. గట్టిగా గురక పెడితే గాఢనిద్ర అని, కష్టం చేసిన ఒళ్ళని అనుకునేవాళ్ళు. ఆయన యాభై నాలుగో ఏట ఒక రాత్రి పడుకున్నాడు, పొద్దున లేవలేదు. గుండె ఆగింది అన్నారు. ఎందుకు ఆగిందో చూసినవాళ్ళు లేరు. నాకిప్పుడు యాభై మూడు. మా అమ్మ బయట వరండాలో పడుకుంటది. నా గురక మధ్యలో ఆగినప్పుడల్లా ఆమెకూ మెలకువ వచ్చేదంట, ఆ సంగతి మొన్న మొన్నటిదాకా మాతో అనలేదు.

పగలు ఎట్టా ఉండేదో కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామందికి ఇవే ఉండి ఉంటాయి. తొమ్మిది గంటలు పడుకున్నా పొద్దున తల దిమ్ముగా, నొప్పిగా ఉండేది. రాత్రి నాలుగుసార్లు పాసుకు లేచేవాణ్ణి, షుగరేమోనని రెండుసార్లు టెస్ట్ చేయిస్తే షుగర్ లేదన్నారు. యార్డులో వేలం కోసం కూర్చుంటే టిక్కీల మీదే నిద్ర. సాగర్ కాలువ కట్టమీద బండి నడుపుతుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. చిన్న మాటకు పెద్ద కోపం. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు పోయినప్పటినుంచి ఇట్టా ఉందని, అదంతా అప్పుల దిగులని ఊరంతా చెప్పేది. దిగులు కూడా ఉంది, అబద్ధమేం కాదు. గానీ బీపీ మాత్రలు రెండు వేసుకుంటున్నా 160 కిందికి దిగకపోతే డాక్టరుకే అనుమానం వచ్చింది. "రాత్రి గురక పెడతారా?" అనడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ఫోన్ తీసి వీడియో చూపించింది. దాంట్లో నేను గుర్రుపెట్టి, ఆగి, మళ్ళీ గుర్రుపెట్టేదాకా ఆమె మెల్లగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్న గొంతు వినపడతా ఉంది. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టింది. ఎన్నేళ్ళుగా లెక్కపెడుతున్నావమ్మా అని డాక్టరు అడిగితే, "పెద్దోడు పదో తరగతిలో ఉన్నప్పటినుంచి" అంది. వాడికిప్పుడు పెళ్ళయి కూతురుంది.

పోయిన దీపావళి ముందు గుంటూరులో నిద్ర పరీక్ష చేశారు. తలకు వైర్లు, ఛాతీకి పొట్టకు బెల్టులు, వేలికి క్లిప్పు, ముక్కు కాడ సన్న గొట్టం. అన్నీ కట్టి "ఇంక హాయిగా పడుకోండి" అంటారు! అయినా నాకు అయిదు నిమిషాల్లో నిద్ర పట్టింది, అదే పెద్ద రోగ లక్షణమని తర్వాత చెప్పారు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందీ, సన్నగిల్లిందీ లెక్క తీస్తారు. అయిదు లోపైతే మామూలు. పదిహేను దాకా కొద్దిగా, ముప్పై దాకా మధ్యస్తం, ముప్పై దాటితే తీవ్రం. నాకు నలభై ఏడు వచ్చింది. ఆక్సిజన్ 71 దాకా పడిపోయింది. కరోనాలో 90 కిందికి వస్తే ఆసుపత్రికి పరిగెత్తాం గుర్తుందా?

మిషను, తొడుగు, పరీక్ష అన్నీ కలిపి అరవై రెండు వేలు పడింది నాకు. నాలుగో కోత కూలీల డబ్బు అందులోకి పోయింది. సెకండ్ హ్యాండ్‌లో సగానికే వస్తాయని కొందరు చెప్పారు. దానికి ఒక మాట: 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన పాత మోడళ్ళు చాలావాటిని వెనక్కి పిలిచింది. శబ్దం తగ్గడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిపొడిగా రాలి గాలిలో కలిసి వచ్చే ప్రమాదం ఉందని. కాబట్టి పాతది కొనేటట్టయితే మోడల్ నంబరు డాక్టరుకు చూపించి కొనండి.

ఇంక అలవాటు చేసుకోవడం. ఇది అందరూ అడగరు గానీ అసలు కష్టం ఇక్కడే ఉంది. మొదటి రాత్రి తొడుగు పెట్టుకుని బటన్ నొక్కగానే, ట్రాక్టర్ ట్రాలీ ముందు నిలబడి ఎదురుగాలికి మొహం పెట్టినట్టుంది. పీల్చడం సులువే, వదలాలంటే గాలికి ఎదురు తొయ్యాలి. అయిదు నిమిషాలకు ఎవరో మొహం మీద దిండు నొక్కినట్టయి పీకి అవతల పడేశా. రెండో రోజూ అంతే. మూడో రోజు నిద్రపట్టింది గానీ పొద్దున చూస్తే తొడుగు మంచం కింద ఉంది, ఎప్పుడు పీకానో నాకే తెలియదు. పొట్టలోకి గాలి పోయి ఉబ్బరం ఒకటి. నోరు తెరుచుకుంటే గాలి నోట్లోంచి బుస్సుమని పోయి నాలుక ఎండిపోవడం ఒకటి. మా మనవరాలు మాత్రం "తాత వినాయకుడయ్యాడు" అని వీధిలో అందరికీ చెప్పొచ్చింది.

మిషను ఇచ్చిన కుర్రాడు మంచోడు. ఫోన్ చేస్తే విసుక్కోలేదు. "బాబాయ్, రాత్రి నిద్రకు పెట్టుకోవద్దు ముందు. పగలు టీవీ చూస్తా పెట్టుకోండి" అన్నాడు. మొదట గాలి లేకుండా ఊరికే తొడుగు. తర్వాత గాలితో పావుగంట. తర్వాత అరగంట. కోడెకు కాడి అలవాటు చేసినట్టే, మొదటి రోజే దుక్కికి కట్టం గదా. వారం రోజులు మా ఆవిడ సీరియల్ టైములో నేను పక్కన తొండంతో కూర్చున్నా. ఆ సీరియల్ కథంతా వచ్చేసింది నాకు, అది వేరే బాధ. మిషన్‌లో గాలి మెల్లగా మొదలై అరగంటలో పెరిగేటట్టు ఏర్పాటు కూడా ఉంటది, అది పెట్టించుకున్నాక నిద్ర పట్టేలోపు ఊపిరాడనట్టు ఉండటం తగ్గింది.

మీసం దగ్గర పెద్ద పేచీ వచ్చింది. ముక్కంతా కప్పే తొడుగు నా మీసం మీద సరిగ్గా కూర్చోక, సందుల్లోంచి గాలి కళ్ళల్లోకి కొట్టేది. మీసం తీసేస్తే సరిపోతదన్నారు. ఇరవై ఏళ్ళనుంచి ఉన్న మీసం. మార్చి ఇచ్చే అవకాశం ఉంటే మార్చమన్నా. ముక్కు రంధ్రాల కాడ మాత్రమే ఆనే చిన్నవి ఉన్నాయంట, రెండు మెత్తటి బుడిపెలు. అవి తెచ్చి పెట్టాడు. మీసం నిలిచింది, గాలీ నిలిచింది. నోరు తెరుచుకోకుండా గడ్డం కింద ఒక పట్టీ ఇచ్చారు. అందరికీ ఒకే తొడుగు సరిపోదు, ఇది గుర్తు పెట్టుకోండి. చాలామంది మిషను మంచిది కాదని మూలన పెట్టేసేది తొడుగు కుదరకనే.

సంక్రాంతి చలిలో ఇంకో తమాషా. గాలి పొడిబారకుండా మిషన్‌లో చిన్న నీళ్ళ తొట్టి ఉంటది, వేడిచేసి తేమ పంపుతది. ఆ వెచ్చటి తేమ చల్లటి గొట్టంలో నీరై, తెల్లారుజామున ముక్కులో గుడగుడమనేది. మా ఆవిడ పాత నేత చీర చింపి గొట్టానికి గలీబు కుట్టింది. ఆగిపోయింది. ఆ తొట్టిలో బోరు నీళ్ళు పోయొద్దు, మన నీళ్ళకు నాలుగు రోజుల్లో తెల్లటి పొర కడతది. బ్యాటరీలకు పోసే రకం శుద్ధి నీళ్ళు కాదు, మందుల షాపులో అడిగితే డిస్టిల్డ్ వాటర్ అని సీసా ఇస్తారు. తొట్టి నీళ్ళు రోజూ మార్చాలి. తొడుగు రోజూ సబ్బునీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి, గొట్టం వారానికోసారి.

అయిదో వారంలో ఒకరోజు కళ్ళు తెరిస్తే కిటికీలో తెల్లగా ఉంది. రాత్రి ఒక్కసారి కూడా పాసుకు లేవలేదు. తల నొప్పి లేదు. మంచంమీద లేచి కూర్చుని, ఏదో మర్చిపోయినట్టు అనిపించి కాసేపు వెతుక్కున్నా, ఏం మర్చిపోయానా అని. మా ఆవిడ మాత్రం ఎర్రకళ్ళతో ఉంది. "ఏందే, నిద్రపోలా?" అంటే, "శబ్దం లేకపోతే భయమేసిందయ్యా. మూడుసార్లు ఛాతీమీద చెయ్యి పెట్టి చూశా" అంది. ఆమెకు అలవాటవడానికి నాకన్నా ఎక్కువ రోజులు పట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ చెయ్యి వస్తది.

ఫిబ్రవరిలో కల్లం మొదలైంది. ఎండబోసిన తేజా కాయలను వదిలి ఇంట్లో పడుకోలేం గదా, దొంగలు, కుక్కలు, వాన. ఇంటి ఇన్వర్టర్‌ను బ్యాటరీతో సహా ట్రాలీలో కల్లానికి చేర్చాం. నీళ్ళ తొట్టి హీటర్ ఆపేస్తే మిషను తినే కరెంటు చాలా తక్కువ, 150 ఆంపియర్ బ్యాటరీ రాత్రంతా నడిపినా నాలుగో వంతు దిగుతదేమో. పగలు ఇంటికి తెచ్చి ఛార్జింగ్. పక్క కల్లాల వాళ్ళు టార్చిలైటు వేసి చూసి వెళ్ళేవాళ్ళు. ఒక రాత్రి గాలి తిరిగి ఘాటంతా మిషను పీల్చి నేరుగా ముక్కులోకి ఊదింది. ఆ తుమ్ములు పగవాడికి కూడా వద్దు. ఆ తర్వాతనుంచి మిషనును రాశికి గాలి వచ్చే వైపు, ఎత్తు బల్ల మీద పెట్టడం, నెలకు మార్చే ఫిల్టర్‌ను వారానికి మార్చడం. మార్చిలో ఒక రాత్రి రెండింటికి మబ్బు పట్టింది, మావాడు లేపాడు. ఇరవై పట్టాలు కప్పాం ఇద్దరం పరుగుల మీద. ముందటేడు ఇట్టాంటి రాత్రి తర్వాత రెండు రోజులు లేవలేకపోయేవాణ్ణి. ఆ రోజు పొద్దున పదింటికి కాయలు మళ్ళీ తిరగేశా.

కానీ ఆ టార్చిలైట్లే నాకు చేటు తెచ్చాయి. "కల్లం కాడ కూడా ఆక్సిజన్ మీదే ఉన్నాడు" అని మాట పుట్టింది. నాకు సొంతం మూడెకరాలు, కౌలు ఆరెకరాలు. పొలం ఆసామి హైదరాబాదులో ఉంటాడు, పదకొండేళ్ళుగా నేనే చేస్తున్నా, ఏ ఏడూ కౌలు ఆలస్యం కాలేదు. ఉగాదికి పది రోజుల ముందు ఫోన్. "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదంట గదా. ఈ ఏడు విశ్రాంతి తీసుకోరాదూ? వేరేవాళ్ళు అడుగుతున్నారు, ఎకరానికి రెండు వేలు ఎక్కువిస్తామంటున్నారు" అన్నాడు. గుండెలో రాయి పడింది. ఆరెకరాలు పోతే మూడెకరాల మీద ట్రాక్టర్ కిస్తీ కట్టడం ఎట్టా?

బతిమాలలేదు నేను. "అయ్యా, ఆక్సిజన్ కాదది. మీరు ఉగాదికి వస్తారు గదా, వచ్చి చూడండి" అన్నా. వచ్చాడు. కల్లం కాడికి తీసుకుపోయి మిషను చూపించా, ముక్కుకు పెట్టి ఆయన చేతికి గాలి తగలనిచ్చా. మిషన్‌లో లెక్కంతా ఉంటది, రాత్రికి ఎన్ని గంటలు పెట్టుకున్నామో, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో. గంటకు నలభై ఏడు ఉన్నది మూడుకు దిగింది. అది చూపించా. ఆయన చాలాసేపు ఆ స్క్రీన్ వైపే చూశాడు. తర్వాత మెల్లగా, "మా ఇంట్లో నన్ను వేరే గదిలో పడుకోబెడతారయ్యా గురకకు" అన్నాడు.

నాలుగెకరాలు నాకే ఉంచాడు. రెండెకరాలు అప్పటికే మాటిచ్చేశానన్నాడు, ఎక్కువ కౌలుకు. దాని గురించి నాకింకా కోపం పోలేదు, దాచుకోవడమెందుకు. ఆ రెండెకరాలూ బోరు పక్కవి, మంచి నేల. ఆ మాట పుట్టించింది ఎవరో కూడా తెలుసు, ఈ పోస్టు చదువుతారు కూడా. చదవనీ.

ఇప్పుడు తొమ్మిదో నెల నడుస్తోంది. బీపీ 136 మీద ఉంది, మాత్రలు మానొద్దన్నారు, మానలేదు. ఏడు కిలోలు తగ్గా, ఇంకో పది తగ్గితే గాలి ఒత్తిడి తగ్గించొచ్చంట. ఇది జబ్బును పోగొట్టేది కాదు, కళ్ళజోడులాంటిది. పెట్టుకున్న రాత్రి పనిచేస్తది, పెట్టుకోని రాత్రి మళ్ళీ పాత కథే. మందు తాగిన రాత్రి గొంతు ఇంకా వదులవుతదని చెప్పారు. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకుంటే కొంత మేలు. నిద్రమాత్రలు మాత్రం ఇట్టాంటి గురక ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు. కరెంటు పోతే మిషను ఆగిపోతది, తొడుగులో చిన్న చిల్లులు ఉంటాయి కాబట్టి ఊపిరాడక ఏమీ కాదు, మెలకువ వస్తది. ఇది చాలామంది భయపడి అడిగారు.

పెళ్ళిళ్ళకు, ఊళ్ళకు పోయినా సంచిలో వేసుకుని పోతున్నా. మొన్న తిరుమల కాటేజీలో మా గదిలో ఉన్న చుట్టాలు మొదట కంగారు పడ్డారు, తర్వాత గురక లేనందుకు సంతోషించారు.

పోయిన శనివారం మా బావమరిది వచ్చాడు, పత్తి గింజలు పెట్టే పనికి సాయం. ట్రాక్టర్ మీద ఊళ్ళు తిరిగే మనిషి, రోజుకు పది గంటలు స్టీరింగ్ మీదే ఉంటాడు. రాత్రి వరండాలో పడుకున్నాడు. నేను తొడుగు పెట్టుకోబోతుంటే గురక మొదలైంది, ఆగింది. మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె ఫోన్ తీసింది, నేను లెక్కపెట్టా. ఇరవై ఆరు. పొద్దున వీడియో చూపిస్తే, "నాకేం లేదు బావా, కష్టం చేసిన నిద్ర అది" అన్నాడు. వాళ్ళక్క కాఫీ గ్లాసు వాడి ముందు ఠక్కున పెట్టి, "సోమవారం మీ బావ గుంటూరు తీసుకుపోతాడు, ట్రాక్టర్ తాళాలు నా దగ్గరే ఉంటాయి అప్పటిదాకా" అంది. పోతున్నాం. మిగిలిన గింజ పెట్టడం మంగళవారానికి పెట్టుకున్నా, వాన పడకపోతే.